వాల్డెమార్ హాఫ్కిన్

వాల్డెమార్ మోర్డెకై హాఫ్కిన్ (మార్చి 15, 1860 - అక్టోబరు 26, 1930) సుప్రసిద్ధ సూక్ష్మజీవ శాస్త్రవేత్త. కలరా, ప్లేగు వ్యాధులకు టీకాలు రూపొందించి, వాటిని మొదట తన శరీరం మీదనే పరీక్షించుకున్న సాహసి. రష్యా సామ్రాజ్యంలో యూదు కుటుంబంలో పుట్టినా, ఆయన జీవితంలోని ముఖ్య ఘట్టాలు అనేకం భారతదేశంలోనే జరిగాయి. 1896లో బొంబాయి నగరంలో ప్లేగు మహమ్మారి చెలరేగినప్పుడు ప్రభుత్వం చట్టాలను, సైన్యాన్ని ఆశ్రయించగా, హాఫ్కిన్ ఒక చిన్న గదిలో కూర్చుని టీకా మందు తయారుచేశాడు. లక్షలాది ప్రాణాలను కాపాడిన ఈ శాస్త్రవేత్త, తాను చేయని తప్పుకు కొన్ని సంవత్సరాల పాటు నింద మోయవలసి వచ్చింది. ముంబైలోని హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ ఆయన పేరు మీదనే వెలసింది.

బాల్యం, విద్యాభ్యాసం

హాఫ్కిన్ నల్లసముద్ర తీరాన ఉన్న ఒడెస్సా నగరంలో జన్మించాడు. ఈ నగరం ఇప్పుడు ఉక్రెయిన్ దేశంలో ఉంది. రష్యన్ పద్ధతిలో ఆయన పేరు వ్లదీమిర్ అరోనొవిచ్ హవ్కిన్. బెర్ద్యాన్స్క్ పట్టణంలో పాఠశాల విద్య పూర్తిచేసి, 1879లో ఒడెస్సాలోని నొవొరొస్సియా విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాల విభాగంలో చేరాడు. అక్కడ ఆయనకు గురువుగా లభించినవాడు ఇల్యా మెచ్నికోవ్. తెల్ల రక్తకణాలు రోగక్రిములను ఎలా కబళిస్తాయో కనుగొని, ఆ తరువాత 1908లో నోబెల్ బహుమతి పొందిన మహా శాస్త్రవేత్త ఈయనే.

ఆ రోజులలో రష్యాలో యూదుల పరిస్థితి దుర్భరంగా ఉండేది. 1881లో జార్ చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ హత్య జరిగిన తరువాత యూదుల ఇళ్ళ మీద, దుకాణాల మీద దాడులు జరిగాయి. ఒడెస్సాలో యూదు యువకులు ఆత్మరక్షణ దళంగా ఏర్పడగా, హాఫ్కిన్ అందులో పాల్గొని గాయపడ్డాడు, నిర్బంధానికి కూడా గురయ్యాడు. గురువు మెచ్నికోవ్ కల్పించుకొనడం వలన ఆయనకు విడుదల లభించింది. చదువు పూర్తయిన తరువాత ఒడెస్సాలోని జంతుశాస్త్ర మ్యూజియంలో పనిచేశాడు. మతం మార్చుకుంటే విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరికే అవకాశం ఉండేది. ఆయన అందుకు అంగీకరించలేదు. 1888లో స్వదేశాన్ని విడిచి స్విట్జర్లాండులోని జెనీవా చేరుకున్నాడు.

1889లో పారిస్ వెళ్ళి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. మెచ్నికోవ్ అప్పటికే అక్కడ పనిచేస్తున్నాడు. అయితే అక్కడ ఖాళీగా ఉన్న ఉద్యోగం గ్రంథాలయానిది మాత్రమే. పట్టభద్రుడైన జీవశాస్త్రవేత్త పుస్తకాలు సర్దే పనికి ఒప్పుకొని, మిగిలిన సమయంలో ప్రయోగశాలలో పరిశోధన సాగించాడు. కొంతకాలానికి ఎమిల్ రూ దగ్గర సహాయకుడయ్యాడు.

కలరా టీకా

పందొమ్మిదవ శతాబ్దంలో కలరా అనేక పర్యాయాలు ప్రపంచాన్ని చుట్టివచ్చింది. 1892లో జర్మనీలోని హాంబర్గు నగరంలో వేలాది మంది ఈ వ్యాధితో మరణించారు. కలరాకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోచ్ 1884లో కలకత్తాలో గుర్తించాడు. అయితే దానికి నమ్మదగిన టీకా మాత్రం లేదు. స్పెయిన్ దేశపు వైద్యుడు హైమె ఫెర్రాన్ 1885లో ఒక టీకాను ప్రయోగించాడు కాని, శాస్త్రజ్ఞులలో దానికి ఆమోదం లభించలేదు.

హాఫ్కిన్ కలరా క్రిములను ఒక గినీ పంది శరీరం నుండి మరొక గినీ పంది శరీరంలోకి వరుసగా ఎక్కిస్తూ వాటి తీవ్రతను పెంచాడు. వేడి, గాలి తగిలే విధంగా పెంచి బలహీనపరచిన క్రిములను కూడా సిద్ధం చేశాడు. ముందుగా బలహీనమైన క్రిములను, కొద్ది రోజుల తరువాత తీవ్రమైన క్రిములను ఎక్కించడం ఆయన పద్ధతి. 1892 జూలై 18న ఈ టీకాను తానే తీసుకున్నాడు. జ్వరం, నొప్పి వచ్చి తగ్గిపోయాయి. తరువాత ముగ్గురు రష్యన్ మిత్రులు, మరికొందరు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. జూలై 30న తన ఫలితాలను పారిస్ జీవశాస్త్ర సంఘానికి నివేదించాడు.

రష్యా ప్రభుత్వం ఈ టీకా పట్ల ఆసక్తి చూపలేదు. అప్పుడు పారిస్‌లో బ్రిటిషు రాయబారిగా ఉన్న లార్డ్ డఫరిన్ అంతకు ముందు భారతదేశానికి వైస్రాయిగా పనిచేసినవాడు. కలరాకు పుట్టిల్లయిన గంగా మైదానంలో టీకాను పరీక్షించవలసిందిగా ఆయన సూచించాడు. ఆ విధంగా హాఫ్కిన్ 1893 మార్చిలో కలకత్తాలో అడుగుపెట్టాడు.

భారతదేశంలో తొలి యాత్ర

మొదట ఆగ్రాలోను, తరువాత ఉత్తర భారతంలోని పలు పట్టణాలలోను, సైనిక స్థావరాలలోను టీకాలు వేశాడు. 1894లో కలకత్తా నగర ఆరోగ్యాధికారి విలియం జాన్ సింప్సన్ ఆహ్వానం మీద ఆ నగరానికి తిరిగివచ్చి, కట్టల్ బగాన్ అనే పేదల బస్తీలో పనిచేశాడు. చెరువుల చుట్టూ ఉన్న ఆ బస్తీలో సుమారు 200 మంది ఉండగా 116 మంది టీకా తీసుకున్నారు. తరువాత అక్కడ కలరా సోకినది టీకా తీసుకోనివారికే. ఈ ఫలితాన్ని చూసి కలకత్తా పురపాలక సంఘం టీకా పనికి నిధులు మంజూరు చేసింది. చౌధురి, ఘోష్, చటర్జీ, దత్ అనే భారతీయ వైద్యులు ఆయనకు తోడ్పడ్డారు. స్థానిక భాష, ఆచారాలు తెలిసిన వైద్యులు వెంట ఉండడం వలన ప్రజలలో భయం తగ్గింది.

అస్సాం తేయాకు తోటలలోని కూలీలకు కూడా ఆయన టీకాలు వేశాడు. 1893 - 1895 మధ్యకాలంలో 42,000 మందికి పైగా టీకా అందింది. అంతలో మలేరియా సోకడంతో 1895లో ఇంగ్లండు వెళ్ళి, 1896లో తిరిగివచ్చాడు. ఒకే గ్రామంలో, ఒకే కుటుంబంలో టీకా తీసుకున్నవారిని, తీసుకోనివారిని పక్కపక్కన పోల్చి లెక్కలు కట్టడం ఆయన ప్రత్యేకత. టీకా ప్రయోజనాన్ని సంఖ్యలతో నిరూపించాలన్న ఈ పట్టుదల ఆ తరువాతి కాలపు వైద్య పరిశోధనకు మార్గదర్శకమైంది.

బొంబాయి ప్లేగు - ప్రభుత్వ చర్యలు

మూడవ ప్లేగు మహమ్మారి చైనాలోని యున్నాన్ ప్రాంతంలో మొదలై 1894లో హాంగ్‌కాంగ్ చేరింది. అక్కడే అలెగ్జాండర్ యెర్సిన్ ప్లేగు క్రిమిని కనుగొన్నాడు. 1896 సెప్టెంబరులో బొంబాయి రేవుకు దగ్గరగా, ధాన్యపు గిడ్డంగులతో నిండిన మాండ్వీ ప్రాంతంలో ఈ వ్యాధిని డాక్టర్ అకాసియో వీగాస్ గుర్తించాడు. ధాన్యం ఉన్నచోట ఎలుకలు, ఎలుకలు ఉన్నచోట ప్లేగు. అయితే ఎలుకల మీది గోమర్ల ద్వారా వ్యాధి వ్యాపిస్తుందని పాల్ లూయీ సిమాండ్ నిరూపించినది 1898లో. అంతవరకు ప్రభుత్వం మురికి, చెడుగాలి, మనుషుల రాకపోకలనే అనుమానించింది.

నగరపాలక సంస్థ మురుగు కాలువలను సముద్రపు నీటితో, కార్బాలిక్ ఆమ్లంతో కడిగించింది. ఇళ్ళకు సున్నం వేయించింది. రోగులను బలవంతంగా ఆసుపత్రులకు తరలించే అధికారాన్ని పొందింది. ఆసుపత్రికి వెళ్ళినవారు తిరిగిరారని, శవాల నుండి నూనె తీస్తారని పుకార్లు పుట్టాయి. 1896 అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద దాడిచేశారు.

1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం అమలులోకి వచ్చింది. కేవలం నాలుగు సెక్షన్లు గల ఈ చిన్న చట్టం ప్రభుత్వానికి విస్తారమైన అధికారాలను ఇచ్చింది. ఇళ్ళు సోదా చేయడం, ప్రయాణికులను రైల్వేస్టేషన్లలో ఆపి పరీక్షించడం, అనుమానితులను శిబిరాలలో ఉంచడం దీని కిందనే జరిగాయి. మార్చిలో బ్రిగేడియర్ జనరల్ గటాకర్ అధ్యక్షతన బొంబాయిలో ప్లేగు కమిటీ ఏర్పడింది. పూనాలో వాల్టర్ రాండ్ ఆధ్వర్యంలో సైనికులు ఇళ్ళలోకి, పూజగదులలోకి చొరబడి సోదాలు జరిపారు. స్త్రీల మర్యాదకు భంగం కలిగిందన్న ఆగ్రహం జనంలో రగిలింది. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చారు. కొద్ది రోజులకు అతడు మరణించాడు. ఈ సందర్భంలోనే బాలగంగాధర తిలక్ రాజద్రోహ నేరం మీద జైలుశిక్ష అనుభవించాడు. అదే సంవత్సరం మార్చిలో పూనాలో ప్లేగు రోగులకు సేవచేస్తూ సావిత్రీబాయి ఫూలే అదే వ్యాధితో కన్నుమూసింది.

ఆర్థిక ప్రభావం

1891 జనాభా లెక్కల ప్రకారం బొంబాయి జనాభా సుమారు 8 లక్షల 20 వేలు. 1897 ఫిబ్రవరి నాటికి దాదాపు 3 లక్షల 80 వేల మంది నగరాన్ని విడిచిపోయారని అంచనా. నూలు మిల్లులకు కూలీలు కరువయ్యారు. సాధారణంగా నెల గడిచిన తరువాత, బకాయి పెట్టి మరీ జీతం ఇచ్చే యజమానులు ఇప్పుడు ఏ రోజు కూలి ఆ రోజే చెల్లించవలసి వచ్చింది. వీధి మూలలలో నిలబడి ఒకరికంటే ఒకరు ఎక్కువ కూలి ఇస్తామని పాట పాడినట్లు పిలిచేవారు. కార్మికుడు లేనిదే యంత్రం నడవదన్న సత్యం ఆ రోజులలో మిల్లు యజమానులకు తెలిసివచ్చింది.

విదేశాలలో భారతీయ సరుకుల మీద భయం వ్యాపించింది. బొంబాయి నుండి వచ్చే ఓడలను యూరోపు రేవులు అనుమానంతో చూశాయి. 1897లో వెనిస్ నగరంలో ప్లేగు విషయమై అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం జరిగింది. వాణిజ్యం పూర్తిగా నిలిచిపోతుందన్న భయమే ప్రభుత్వం కఠిన చర్యలకు పూనుకొనడానికి ఒక ముఖ్య కారణం. ఆ సంవత్సరం బొంబాయి నుండి హజ్ యాత్రను నిలిపివేశారు. అదే సమయంలో దేశంలో తీవ్రమైన కరువు ఉండడం వలన పేదల బాధ రెట్టింపైంది. ఇరుకు ఇళ్ళే వ్యాధికి మూలమని భావించి 1898లో బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టును స్థాపించారు. విశాలమైన రోడ్లు వెలసినా, కూలగొట్టిన ఇళ్ళకు సరిపడా కొత్త ఇళ్ళు పేదలకు దక్కలేదన్న విమర్శ ఉంది.

ప్లేగు టీకా

1896 అక్టోబరులో ప్రభుత్వం పిలుపు మీద హాఫ్కిన్ బొంబాయి చేరుకున్నాడు. గ్రాంట్ వైద్య కళాశాలలో ఒక గది, దాని ముందున్న వసారా ఆయనకు ప్రయోగశాలగా దొరికాయి. ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు సిబ్బంది. ఈసారి బతికిన క్రిములకు బదులు చంపిన క్రిములను వాడాలని నిశ్చయించాడు. మాంసరసంలో క్రిములను పెంచి, పైన నెయ్యి చుక్కలు వేసేవాడు. ఆ చుక్కల నుండి క్రిములు గుహలోని సున్నపు ఊడల వలె కిందికి వేలాడుతూ పెరిగేవి. కొన్ని వారాల తరువాత వేడిచేసి వాటిని చంపి, కార్బాలిక్ ఆమ్లం కలిపేవాడు. హిందువులకు, ముస్లిములకు అభ్యంతరం ఉండరాదని గోమాంసం, పందిమాంసం కాక మేకమాంసం వాడాడు.

1897 జనవరి 10న మామూలు మోతాదు కంటే ఎక్కువగా, 10 ఘన సెంటీమీటర్ల మందును తానే ఎక్కించుకున్నాడు. జ్వరం వచ్చినా పని మానలేదు. ఆ నెల చివరలో బైకుల్లా జైలులో ప్లేగు ప్రవేశించగా, అక్కడి ఖైదీలలో ఇష్టపడినవారికి టీకా వేశారు. టీకా తీసుకున్నవారికి, తీసుకోనివారికి తిండి, వసతి, పని అన్నీ ఒకటే. తరువాతి రోజులలో టీకా తీసుకోనివారిలోనే ఎక్కువమందికి వ్యాధి సోకింది, మరణాలు కూడా వారిలోనే సంభవించాయి.

1898లో బరోడా సంస్థానంలోని ఉంధేరా గ్రామంలో జరిపిన పరీక్ష మరింత ప్రసిద్ధమైనది. ప్రతి కుటుంబంలోను కొందరికి టీకా వేసి, కొందరిని విడిచిపెట్టారు. దాని ఫలితం ఇలా ఉంది:

టీకా తీసుకున్నవారు - 71 మంది. వ్యాధి సోకినవారు 8, మరణించినవారు 3.
టీకా తీసుకోనివారు - 64 మంది. వ్యాధి సోకినవారు 27, మరణించినవారు 26.

ప్రజలలో నమ్మకం కలిగించడానికి మూడవ ఆగాఖాన్ ఎంతగానో తోడ్పడ్డాడు. తాను స్వయంగా అందరి ఎదుట టీకా తీసుకొని, తన ఖోజా సమాజం వారిని ప్రోత్సహించాడు. ఖుష్రూ లాడ్జ్ అనే తన భవనాన్ని ప్రయోగశాల కోసం ఇచ్చాడు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ సందర్భంగా హాఫ్కిన్‌కు సి.ఐ.ఇ. బిరుదు లభించింది. 1899 ఆగస్టు 10న పరేల్‌లోని పాత గవర్నరు నివాసంలో ప్లేగు పరిశోధనశాల ప్రారంభమైంది. హాఫ్కిన్ దానికి డైరెక్టరు. అక్కడి నుండి టీకా మందు దేశమంతటికీ, ఇతర దేశాలకు కూడా వెళ్ళేది.

సోదాలు, శిబిరాలు పెట్టిన చోట్ల అలజడులు రేగాయి. నచ్చజెప్పి టీకా వేసిన చోట్ల జనం తమంతట తామే వచ్చారు. టీకా తీసుకున్నట్లు పత్రం ఉన్నవారికి కొన్ని ఆంక్షల నుండి మినహాయింపు ఇచ్చే పద్ధతి కూడా ఆ రోజులలోనే వచ్చింది. క్రమంగా ప్రభుత్వం కూడా బలప్రయోగాన్ని తగ్గించి టీకా వైపు మొగ్గింది.

ముల్కోవాల్ దుర్ఘటన

1902లో పంజాబులో ప్లేగు తీవ్రమైంది. ప్రభుత్వం పెద్దయెత్తున టీకా కార్యక్రమాన్ని తలపెట్టింది. మందుకు గిరాకీ పెరగడంతో హాఫ్కిన్ తయారీ విధానాన్ని మార్చి, కార్బాలిక్ ఆమ్లం కలపకుండా వేడి మీదనే ఆధారపడ్డాడు. పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ పద్ధతి అప్పటికే వాడుకలో ఉంది.

1902 అక్టోబరు 30న ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకా వేశారు. ఈ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. వారిలో ఒకే సీసాలోని మందు తీసుకున్న 19 మందికి కొద్ది రోజులలో ధనుర్వాతం వచ్చి, అందరూ మరణించారు. మిగిలిన సీసాల మందు తీసుకున్నవారికి ఏ ప్రమాదమూ జరగలేదు. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. సీసా తెరవకముందే, అంటే ప్రయోగశాలలోనే, మందు కలుషితమై ఉంటుందని సంఘం అభిప్రాయపడింది. హాఫ్కిన్‌ను పదవి నుండి తప్పించారు. ఆయన 1904లో లండన్ వెళ్ళిపోయాడు.

అయితే విచారణలో బయటపడిన ఒక చిన్న సంగతికి తగిన ప్రాధాన్యం దక్కలేదు. ఆ రోజు గ్రామంలో సీసా బిరడా తీసేటప్పుడు సహాయకుడి చేతిలోని పటకారు నేల మీద పడింది. దానిని సరిగా శుద్ధి చేయకుండానే తిరిగి వాడారు. ధనుర్వాతం క్రిములు మట్టిలో ఉంటాయన్నది అందరికీ తెలిసినదే. పైగా సీసాలోని మందు ముందే కలుషితమై ఉంటే దుర్వాసన రావాలి. సీసా తెరచిన వైద్యుడు అటువంటి వాసన ఏదీ గమనించలేదు.

విచారణ పత్రాలు చాలాకాలం బయటకు రాలేదు. అవి ప్రకటితమైన తరువాత శాస్త్రజ్ఞులు వాటిని క్షుణ్ణంగా పరిశీలించారు. సింప్సన్ హాఫ్కిన్ పక్షాన వాదించాడు. రోనాల్డ్ రాస్ ఈ పోరాటానికి ముందు నిలిచాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొని తెలుగునాట చిరపరిచితుడైన శాస్త్రవేత్త ఈయనే. 1907 జూలైలో రాస్‌తో సహా పదిమంది ప్రముఖ శాస్త్రజ్ఞులు సంతకాలు చేసిన లేఖ లండన్‌లోని ది టైమ్స్ పత్రికలో వెలువడింది. హాఫ్కిన్ మీది ఆరోపణకు ఆధారం లేదని వారు స్పష్టం చేశారు. బ్రిటిషు పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి. చివరకు 1907 నవంబరులో ఆయన నిర్దోషి అని తేలింది. ఫ్రాన్సులో డ్రేఫస్ అనే యూదు సైనికాధికారికి జరిగిన అన్యాయంతో పోల్చి, దీనిని చిన్న డ్రేఫస్ వ్యవహారమని పిలిచినవారు ఉన్నారు. హాఫ్కిన్ రష్యన్, యూదు, పైగా వైద్య పట్టా లేనివాడు. భారత వైద్య సర్వీసు అధికారులలో కొందరికి ఆయన ఎదుగుదల రుచించలేదన్నది చరిత్రకారుల అభిప్రాయం.

చివరి సంవత్సరాలు

నిర్దోషిగా తేలిన తరువాత హాఫ్కిన్ తిరిగి భారతదేశానికి వచ్చాడు. కాని ఆయన స్థాపించిన పరేల్ ప్రయోగశాల అప్పటికి వేరొకరి చేతిలో ఉంది. ఆయనకు కలకత్తాలో పని ఇచ్చారు. టీకా తయారీకి అక్కడ అవకాశం లేకపోయింది. 1914-15 ప్రాంతంలో ఉద్యోగ విరమణ చేసి ఫ్రాన్సులో స్థిరపడ్డాడు. యవ్వనంలో విప్లవ భావాలున్న ఆయన జీవిత చరమాంకంలో యూదు మతాచారాలను నిష్ఠగా పాటించాడు. 1916లో మత సంప్రదాయాన్ని సమర్థిస్తూ ఒక వ్యాసం ప్రచురించాడు. 1928లో స్విట్జర్లాండులోని లోజాన్ నగరానికి మారాడు. 1929లో తన సంపదతో తూర్పు యూరోపులోని యూదు మత పాఠశాలల సహాయార్థం ఒక నిధిని ఏర్పాటు చేశాడు. ఆయన అవివాహితుడు. 1930 అక్టోబరు 26న లోజాన్‌లో మరణించాడు.

వారసత్వం

పరేల్‌లోని ప్లేగు పరిశోధనశాల పేరు 1906లో బొంబాయి బాక్టీరియాలజీ ప్రయోగశాలగాను, 1925లో హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్‌గాను మారింది. ఆయన బతికి ఉండగానే ఈ గౌరవం దక్కడం విశేషం. 1897 - 1925 మధ్యకాలంలో బొంబాయి నుండి సుమారు 2 కోట్ల 60 లక్షల మోతాదుల ప్లేగు టీకా పంపిణీ అయింది. టీకా వలన మరణాలు 50 నుండి 85 శాతం వరకు తగ్గినట్లు అంచనా వేశారు. అయినా ఈ మహమ్మారిలో భారతదేశం కోటి మందికి పైగా ప్రజలను కోల్పోయింది. 1964లో భారత తపాలాశాఖ హాఫ్కిన్ స్మారకార్థం తపాలా బిళ్ళను విడుదల చేసింది.

2020లో కోవిడ్-19 వ్యాపించినప్పుడు భారతదేశంలోని రాష్ట్రాలు ప్రయోగించినది 1897 నాటి అంటువ్యాధుల చట్టమే. ఆరోగ్య సిబ్బంది మీద దాడులను శిక్షించడానికి ఆ సంవత్సరమే దానికి సవరణ జరిగింది. నగరాలను విడిచి కార్మికులు స్వగ్రామాలకు తరలిపోయిన దృశ్యం కూడా 1897 నాటి బొంబాయిని గుర్తుకు తెచ్చింది. హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ సంస్థ రూపొందించిన కోవాక్సిన్ టీకాను తయారుచేయడానికి 2021లో ముంబైలోని హాఫ్కిన్ బయో ఫార్మా సంస్థకు అనుమతి లభించింది.

జీవితంలో ముఖ్య ఘట్టాలు

1860 - ఒడెస్సాలో జననం.
1889 - పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రవేశం.
1892 - కలరా టీకాను తన మీద పరీక్షించుకొనుట.
1893 - భారతదేశానికి రాక.
1897 - ప్లేగు టీకాను తన మీద పరీక్షించుకొనుట.
1899 - పరేల్‌లో ప్లేగు పరిశోధనశాల ప్రారంభం.
1902 - ముల్కోవాల్ దుర్ఘటన.
1907 - నిర్దోషిగా ప్రకటన.
1925 - పరేల్ ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టుట.
1930 - లోజాన్‌లో మరణం.